తొంభై తొమ్మిది డేరాలు



2018 అక్టోబరు మొదట్లో దేవుని కృప వలన అమెరికాలోని మా అక్క కుమారుని ఇంట కొన్ని దినములు గడిపాను. ఒక ఉదయము అతడు, "మామయ్యా, మేడలు చాలా చూశారు. ఈ రోజు ఒక పల్లెటూరి పండుగ చూపిస్తాను రండి" అని దక్షిణ కరోలినా రాష్ట్రములో సెయింట్ జార్జ్ అనే చిన్న ఊరి దగ్గరకు తీసుకొని వెళ్ళాడు.

ఆ స్థలము పేరు ఇండియన్ ఫీల్డ్. మెథడిస్టు సంఘమువారు 1848లో ఏర్పరచుకొన్న కూటముల మైదానము అది. అంతకు ముందే, 1801లో, బిషప్ ఫ్రాన్సిస్ ఆస్బరీ గారు ఈ ప్రాంతపు కూటములలో ప్రసంగించారు. చెట్ల నడుమ గుండ్రముగా 99 చెక్క ఇండ్లు. మధ్యలో నలువైపులా తెరచియున్న ప్రార్థనశాల. ఈ చెక్క ఇండ్లను నేటికీ డేరాలనే పిలుస్తారు. పంట చేతికి వచ్చే కాలములో వారము రోజులు కుటుంబములన్నీ ఇక్కడే కాపురముంటాయి. మిగతా కాలమంతా ఇవి ఖాళీయే.

ఒక డేరాలోనికి మమ్మును ప్రేమతో పిలిచారు. మట్టి నేల, దాని మీద పరచిన గడ్డి. వెనుక కట్టెల పొయ్యి మీద వంట. పొడవైన బల్ల చుట్టూ తాతలు, మనుమలు, తోడికోడళ్ళు. మాకూ అన్నము, వేపిన కోడి వడ్డించారు. పట్టణాలలో మంచి ఇండ్లున్నవారే వచ్చి ఆ గడ్డి మీద సంతోషముగా నడుస్తున్నారు.

"తాతగారి నాటి ఈ డేరాను మీరు పంచుకోలేదా అమ్మా?" అని ఆ ఇంటి పెద్దావిడను అడిగాను. మా మేనల్లుడు ఇంగ్లీషులో చెప్పగా ఆమె నవ్వి, "పంచుకుంటే మళ్ళీ ఎక్కడ కలుసుకుంటాము?" అన్నది.

అదే కౌంటీలో షేడీ గ్రోవ్ అనే మరొక మైదానమున్నది. బానిసత్వము నుండి విడుదలైన నల్లజాతివారు 1870 ప్రాంతములో దానిని ఏర్పరచుకొన్నారు. బానిసత్వపు దినములలో తల్లిని ఒకరికి, బిడ్డను ఒకరికి అమ్మివేసేవారు. అట్టి ప్రజలకు ఒక్క కప్పు క్రింద కూడి భోజనము చేయుట ఎంతటి విలువైనదో ఆలోచించండి.

ఇశ్రాయేలీయులు పంట కూర్చుకొన్న తరువాత ఏడు దినములు పర్ణశాలలలో నివసించవలెనని లేవీయకాండము 23వ అధ్యాయములో ఉన్నది. దానిపై నేను ఎన్నో ప్రసంగములు చేశాను. కాని ఆ పెద్దావిడ మాట నా హృదయములో ముల్లువలె గుచ్చుకొన్నది. మా నాన్నగారి పెంకుటింటి వాకిట మధ్య గోడ లేచి అప్పటికి ఆరు సంవత్సరములు. గోడకు అవతల మా అన్నయ్య, ఇవతల నేను. ఇతరుల తగవులు తీర్చే పాస్టరును, స్వంత అన్న గడప తొక్కలేదు.

తిరిగి వచ్చిన మరునాడే వెళ్ళాను. అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. చివరకు వదినతో, "తమ్ముడికి కూడా అన్నం పెట్టు" అన్నాడు.

గోడ ఇంకా అలాగే ఉన్నది. కాని ఆ సంవత్సరము నుండి క్రిస్మసు దినమున ఆ వాకిటిలో పొయ్యి ఒక్కటే, వంట ఒక్కటే. ప్రియులారా, మీ కుటుంబములో గోడ ఎక్కడున్నది? ఈ పండుగకు ముందుగా ఎవరి గడప తొక్కవలెనో ప్రార్థనాపూర్వకముగా ఆలోచించండి.