గొంతులో సర్పి

జూలై మొదట్లో ఎడమ చెవిలో పోటు మొదలైంది. మర్నాటికి గొంతు ఎడమ పక్కంతా మంట. "ఒక్క పక్కే నొప్పండీ" అన్నాను. డాక్టరు నోరు తెరిపించి చూడనైనా లేదు. "పాఠాలు చెప్పేవాళ్లకి మామూలే మేడమ్" అని యాంటీబయాటిక్ రాశాడు. నాలుగో రోజుకి గొంతు బొంగురుపోయింది. తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చాయి.

గుంటూరులో గొంతు డాక్టరమ్మ లైటు వేసి చూసింది. అంగిట్లో ఎడమ పక్కన మాత్రమే పొక్కులు. ఎడమ స్వరతంత్రి కదలడం లేదు. "చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?" అనడిగింది.

పోసింది, ఆరేళ్లప్పుడు. అమ్మ పొగాకు గ్రేడింగు పని మానుకుని, వేపమండల మీద పడుకోబెట్టింది. తలకి పోశాక అమ్మవారు వెళ్లిపోయిందన్నారు. వెళ్లలేదు. ఆ వైరస్ నరాల మొదళ్లలో దాక్కుని ఎన్నేళ్లకో మళ్లీ లేస్తుంది. నడుం మీద లేస్తే సర్పి అని అందరూ పోల్చుకుంటారు. మెదడు నుంచి వచ్చే పన్నెండు జతల నరాల్లో తొమ్మిదో, పదో నరం మీద లేస్తే బయటికేమీ కనపడదు. మింగడం, మాట్లాడడం మాత్రం ఆగిపోతాయి. పొక్కులు లేచిన 72 గంటల్లోపు ఎసైక్లోవిర్ లాంటి మందు పడాలి. నాకు ఆ గడువు దాటాకే పడింది.

జూలై 17న విజయనగర్ కాలనీ సభలో నేను మాట్లాడాలి. 1985లో అదే రోజు కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపితే, మిగిలినవాళ్లు ప్రాణాలరచేత పట్టుకుని చీరాల చేరారు. నా కాగితాలు మా డిగ్రీ పిల్ల చేతికిచ్చాను. రెండు పేజీలు చదివి, పక్కన పెట్టేసింది. వాళ్ల నాయనమ్మ ఆ రోజు చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని ఎలా పరిగెత్తిందో చెప్పింది. ముందు వరసలో ముసలమ్మలు తలలూపారు, మధ్యలో అందుకుని తప్పులు దిద్దారు.

నా థీసిస్‌లో "గొంతులేని వాళ్లు" అని ఎన్నిసార్లు రాశానో! ఆ రోజు అక్కడ గొంతు లేనిది నాకొక్కదానికే. వాళ్లకెప్పుడూ ఉంది. నోరు తెరిచి చెప్పినా వినకపోవడం వేరు, గొంతు లేకపోవడం వేరు. "ఒక్క పక్కే నొప్పండీ" అన్నప్పుడు నాకూ గొంతుంది కదా.

డాక్టరేటున్న నా మాటే అలా పోతే, మిరపకోతల నుంచి వచ్చిన కూలి తల్లి మాట ఎవరు వింటారు? అందుకే చెప్తున్నాను తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. ఇంట్లో ఎవరికైనా చెవి, గొంతు ఒక్క పక్కే మండుతుంటే నోట్లో లైటు వేసి చూడమని పట్టుబట్టండి. పక్కన నిలబడి అడగండి.

నాకు సగం గొంతు వచ్చింది. ఈసారి సభకి కాగితాలు రాయను.

జై భీమ్.