ధూమశకట స్మృతి

ఇంగ్లండులో 1938 జులై 3న మల్లార్డ్ అను ఆవిరియంత్రము గంటకు 126 మైళ్ల వేగమందుకొన్నదని చదివినప్పుడెల్ల నా మనస్సు కాజీపేట–బల్లార్షా మార్గము మీదికే పరుగెత్తును. 1929లో మొదలైన గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ పెద్దపల్లి, రామగుండములు దాటి, గోదావరి వంతెనపై ఘోషించుచు మంచిర్యాల చేరి, బెల్లంపల్లి బొగ్గుగనుల సీమ మీదుగా సిర్పూరు వైపు సాగెడిది ఈ త్రోవనే గదా!

అట్టి బండ్లను లాగిన ఆవిరియంత్రపు సిలిండరులో ముషలకమును నెట్టి అలసిన ఆవిరి పొగగొట్టముగుండా వెడలుచు, గాలిని లోనికి లాగి కొలిమిని మరింత ప్రజ్వలింపజేయును. బరువు హెచ్చినకొలది నిప్పును తానే హెచ్చించుకొను ఈ సొగసు డీజిలు యంత్రమునకుగాని విద్యుద్యంత్రమునకుగాని లేదని నా నిశ్చితాభిప్రాయము.

మల్లార్డ్‌ను ఆంగ్లేయులు యార్కు ప్రదర్శనశాలలో పదిలపరచుకొన్నారు. మనము స్మృతులనైన నిలుపుకొందము. పాఠకులారా, మీ యింట ఆవిరియంత్రపు కొలిమికి బొగ్గందించిన నాటి ఫైర్‌మన్ ఎవరేని యున్నచో, ఆయన జ్ఞాపకములను నేడే వ్రాసియుంచుడు.