నామినీ ఉన్నాడుగా!

"నామినీని పెట్టాగదండీ, మళ్ళీ వీలునామా ఎందుకు?" తెనాలిలో సివిల్ ప్లీడరుగా నేను తరచూ వినే ప్రశ్న ఇది. బేరంలో రూపాయి వదలని షాపు యజమానులు కూడా వీలునామా మాటెత్తగానే "శుభమా అని వ్యాపారం చేసుకుంటుంటే ఆ మాటలెందుకండీ" అంటూ లేచిపోతారు.

బ్యాంకు నుంచి డబ్బు పుచ్చుకునే హక్కే నామినీది. ఆ డబ్బు మీద వారసుల హక్కు పోదని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. షేర్లకూ అంతేనని 2023లో తేల్చింది. అయినా ఫారంలో ఆ ఒక్క గడి నింపేసి నిశ్చింతగా ఉంటారు మనవాళ్ళు.

ఓ హార్డ్‌వేర్ షాపాయన గుండెపోటుతో పోయాడు. పెద్దకర్మ అయ్యాక భార్య సంచీ పట్టుకుని వచ్చింది. అందులో అరువు ఖాతా పుస్తకం, షాపు స్థలం దస్తావేజు, ఆయన ముందే సంతకాలు చేసి ఉంచిన చెక్కుబుక్కు. "వీటితో సరుకు వాళ్ళ బాకీలు కట్టేయొచ్చుగా ప్లీడరుగారూ?" అంది. కుదరదమ్మా అన్నాను. మనిషి పోయాడని తెలిశాక బ్యాంకు ఆ చెక్కులు చెల్లించదు. ఒక్కడి వ్యాపారం కాబట్టి జీఎస్టీ నంబరు ఆయన పాన్ మీద ఉంది. ఆమె తన పేర కొత్త రిజిస్ట్రేషన్ తీసుకుని, పాత నంబరులో మిగిలిన పన్ను క్రెడిట్‌ను ఐటీసీ-02 ఫారంతో మార్పించుకోవాలి. ఇవన్నీ తిరిగితే అయ్యే పనులే.

అసలు చిక్కు స్థలం దగ్గర వచ్చింది. అది ఆయన స్వార్జితం. వీలునామా లేదు గనుక 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, ఇద్దరు పిల్లలకు, తల్లికి నాలుగు సమాన వాటాలు. "అత్తయ్యకు కూడానా?" అని ఆమె నిర్ఘాంతపోయింది. కన్నతల్లికి వాటా ఉండటం న్యాయమే, నేను తప్పుపట్టను. కానీ ఆ పెద్దావిడ ఉండేది ఈమె మరిది దగ్గర. వాటా మాట ఆయన నోట వచ్చింది. పైగా పిల్లలిద్దరూ మైనర్లు. వాళ్ళ వాటా అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా కోర్టు అనుమతి కావాలి. స్థలం మీద అప్పు తెచ్చి షాపు నిలబెట్టుకుందామనుకున్న మనిషి వాయిదాల చుట్టూ తిరిగింది. ఆ సీజనంతా షట్టరు లేవలేదు. తల్లికి ఇంత, స్థలం భార్యకు అని ఆయన ఒక్క పేజీ రాసి ఉంటే ఈ తిప్పలుండేవి కావు.

చిక్కు ఒక్కడి వ్యాపారానికే కాదు. భాగస్వామ్య వ్యాపారంలో ఉన్నది ఇద్దరే అయితే, ఒకరు పోగానే ఫర్మే రద్దవుతుంది. అప్పులతో నడిచే వ్యాపారులకు నేను ఇంకో మాట చెబుతాను. 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద జీవిత బీమా తీసుకుంటే ఆ సొమ్ము భార్యాపిల్లలదే. అప్పులవాళ్ళకు ఎగ్గొట్టే ఉద్దేశంతో తీసుకుంటే తప్ప, వాళ్ళు దాని మీద చెయ్యి వేయలేరు. దానికి సంబంధించిన ఫారం పాలసీ తీసుకునేటప్పుడే నింపాలి. ఇంత మంచి మాటను చాలామంది ఏజెంట్లు ఎందుకు చెప్పరో!

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, నేనైతే చేయించుకోమంటాను. మనసు మారితే ఎన్నిసార్లయినా తిరగరాసుకోవచ్చు. ఇద్దరు సాక్షులు మాత్రం ఉండి తీరాలి. రిజిస్టరైన వీలునామా అయినా సరే, తగాదా వస్తే వాళ్ళలో ఒకరైనా కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పాలి. అందుకని ఎదురింటి పెద్దాయన్ని పిలవకండి. మీకన్నా చిన్నవాళ్ళను, ఊళ్ళో ఉండేవాళ్ళను సాక్షులుగా పెట్టుకోండి.