ముప్పై నలభై

మా ఇంటి కందాయం అన్యాయంగా రెండింతలు వేశారని మా వీధిలో నేను చెప్పుకోని మనిషి లేడు. ఆ రెండో ఇంత నా సంతకంతోనే పడిందని మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది.

చిక్కబళ్ళాపురం జిల్లాలో చిన్న పట్టణం మాది. పేరు చెప్పను. కర్ణాటకలో బెంగళూరు కాని పట్టణాల్లో 2002 నుంచి ఇంటి కందాయం స్వయం ప్రకటన మీదే నడుస్తోంది. కట్టడం ఎన్ని అడుగులు, కప్పు ఏ రకం, ఎప్పుడు కట్టారు, కాపురానికా వ్యాపారానికా, ఇవన్నీ యజమానే ఫారంలో రాసి సంతకం పెట్టాలి. దాని మీద రిజిస్ట్రేషన్ శాఖ కట్టే ధర, అంటే గైడెన్స్ వాల్యూ, పట్టుకుని లెక్క కట్టి, పాత ఇల్లయితే తరుగు తీసి, రేటు వేస్తారు. ఆపైన సెస్సులు: ఆరోగ్యానికి 15 శాతం, గ్రంథాలయానికి 6, భిక్షాటన నిర్మూలనకు 3. అంటే అసలు పన్నులో వంద రూపాయలు ఎక్కువ పడితే ఈ మూడింటితోనే జేబులోంచి పోయేది 124. గ్రంథాలయం గడప తొక్కి ఎన్నేళ్లయిందో గుర్తులేని నేను దాని సెస్సు కూడా ఇంచుమించు రెండింతలు కట్టాను.

ఫారం నింపించింది జెరాక్సు అంగట్లో. "సైటెంతన్నా?" అన్నాడు కుర్రవాడు. "ముప్పై నలభై" అన్నాను. మా వైపు ఇల్లెంత అని అడిగినా సైటు కొలతే చెబుతాం. వాడు 1,200 అని కొట్టాడు, స్థలం గడిలోనూ కట్టడం గడిలోనూ. మేం కట్టుకున్నది ఏడు చదరాల పైచిల్లర, అంటే ఏడొందల చిల్లర చదరపు అడుగులు. మిగతాది వాకిలి, వెనక బట్టలుతికే బండ, ఒక కొబ్బరిచెట్టు. ముందుగది అప్పట్లో ఒక టైలరుకు బాడిగకిచ్చాం గనక అది వాణిజ్యం కింద రాయించాను, అది నిజమే. టైలరు ఖాళీ చేశాక ఆ గదిలో మా అమ్మ మంచం వేసుకుంది. కాగితాల్లో మాత్రం కుట్టుమిషను ఆడుతూనే ఉంది. పదో తరగతి దాకా కన్నడంలో చదివినవాణ్ణి, ఫారం అర్థం కాక కాదు. చదివే ఓపిక లేక సంతకం పెట్టాను.

తర్వాతి ఏళ్ల చలానాలన్నీ ఆ అంకె మీదే పుట్టుకొచ్చాయి, ఏటా కాస్త పెరుగుతూ. ఒకసారి పక్కింటాయన రసీదు కంటపడింది. అదే వీధి, అదే కొలత సైటు, నాది ఆయనకు దాదాపు రెట్టింపు. తప్పు వెతకాల్సింది పోయి దోషిని వెతికాను. న్యాయం తేలేదాకా పైసా కట్టనని భీష్మించుకున్నాను. ఏప్రిల్‌లో కడితే వచ్చే 5 శాతం తగ్గింపు పోయింది, జూన్ దాటాక నెలకు 2 శాతం చొప్పున జరిమానా మొదలైంది. కోపానికి కూడా సెస్సు ఉంటుందన్నమాట.

ఆఫీసుకెళ్లి గైడెన్స్ వాల్యూ మీద దెబ్బలాడాను. ఆ ధరకు మా వీధిలో సైటు ఎవరు కొంటారో చూపించమన్నాను. 2023 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా కొత్త ధరలొచ్చాయి గదా, దాని మీద బోలెడు మంట. ఆ ధరలు పురపాలక కౌంటరులో తగ్గేవి కావు. రిజిస్ట్రేషన్ శాఖ ముసాయిదా పెట్టి ఆక్షేపణలు అడిగినప్పుడు చెప్పుకోవాలి. అప్పుడు నేను పేపరు చదవలేదు.

సలహాలకేం కొదవ? సరిహద్దు దాటితే ఆంధ్ర. అక్కడ 2021-22 నుంచి ఇంటి పన్నుకు అద్దె విలువ లెక్క పోయి మూలధన విలువ లెక్క వచ్చింది, ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదన్న కట్టు కూడా పెట్టారు. హిందూపురంలోని మా బావమరిది ఆ 15 శాతం మాట పట్టుకుని వాదించమన్నాడు. ఆ కట్టు మాకు లేదు. టెక్సాస్‌లోని మా అక్క కొడుకు ఇంకో దారి చెప్పాడు. అక్కడ ఏటా ఇంటి విలువ నోటీసు వస్తుంది, మామూలుగా మే 15 లోగా అభ్యంతరం పెట్టుకోవచ్చు, ఇలాంటి ఇళ్లకు తక్కువ వేశారని చూపడం చట్టం ఒప్పుకునే వాదనే. "పక్కిళ్ల లెక్కలు పట్టుకుపో మామా" అన్నాడు.

పట్టుకుపోయాను. పక్కింటాయన రసీదు నకలు గుమాస్తా ముందు పరిచాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూసి, "దీంట్లో కింద ఇల్లొక్కటే ఉండాది కదా సార్. పైన మేడ మీద ఎవరో బాడిగకున్నట్టుండారే?" అన్నాడు. నా నోట మాట రాలేదు. పక్కింటికి నోటీసు పోయింది. ఆ మేడ ఎప్పుడో లెక్కలోకి రావలసిందే, నిజమే. నా చేతుల మీదుగా రావడం మాత్రం నాకింకా మింగుడుపడలేదు. ఉగాదికి ఆ ఇంటి నుంచి ఒబ్బట్లు రావడం మానేశాయి.

చివరికి దారి చూపింది రిటైరైన ఒక బిల్ కలెక్టరు. టీ అంగడి దగ్గర నా గోడంతా విని, "రూపాయిల మాట ఇడ్సిపెట్టు సార్. ఎన్నడుగులు కట్టినావు, ఎప్పుడు కట్టినావు, దేనికి వాడతాండావు, అది చెప్పు. ఆడ ఇంకేమీ ఇనపడదు" అన్నాడు. ఇంటికొచ్చి పాత ఫారం నకలు కోసం బీరువా అంతా వెతికితే దొరకలేదు. ఆఫీసులో అర్జీ పెట్టి తీసుకున్నాక ఆ రెండు 1,200లూ పక్కపక్కన కనిపించాయి. అప్పుడు గానీ నా గొంతు తగ్గలేదు.

ముందు బకాయి జరిమానాతో సహా కట్టేశాను. ఇంజనీరు చేత కొలిపించి స్కెచ్చు గీయించాను. ఫోటోలు, ఇంటి ప్లాను జతచేసి, కట్టడం కొలత సరిచేయమని అర్జీ ఇచ్చి, నకలు మీద స్వీకృతి ముద్ర వేయించుకున్నాను. ముందుగది కాపురానికేనని రుజువుకు కరెంటు బిల్లు అడిగారు. చూస్తే అది ఇంకా ఎల్‌టి-3, అంటే వాణిజ్య మీటరే! అమ్మ పడుకునే గదిలో ఫ్యానుకు ఇన్నేళ్లూ అంగడి రేటు కట్టామన్నమాట. ముందు దాన్ని గృహవాడకానికి మార్పించుకోవాల్సి వచ్చింది.

ఆఫీసు నుంచి వచ్చి కొలుచుకున్నారు. కట్టడం కొలత దిగింది. గది వాడకం మాత్రం మీటరు మారిన తేదీ నుంచే ఒప్పుకున్నారు, పాత ఏళ్లలో ఎక్కువ కట్టింది తిరిగి రాలేదు. పైగా మిద్దె మీద మేం వేసుకున్న షీటు గది కూడా టేపుకు తగిలింది. దాన్ని నేనూ ఎక్కడా రాయలేదు. పక్కింటాయన మేడ గురించి నీతులు చెప్పుకునే అర్హత దాంతో పోయింది. అంతా పోను కందాయం మూడో వంతు తగ్గింది.

ఏప్రిల్ రాగానే తగ్గింపు కోసం అందరం చలానా తీసుకుని పరుగెత్తుతాం. ఈసారి కట్టేముందు మీ ఆస్తి ఖాతా పత్రంలో కట్టడం కొలత ఎంతుందో చూడండి. పట్టణంలో అయితే ఫారం 3, పల్లెలో అయితే పంచాయతీ ఇచ్చే ఫారం 9. స్థలం కొలతా కట్టడం కొలతా ఒకే అంకె అయితే, కౌంటరుకు పోకముందే ఇంటికి టేపు పట్టండి.