ఆ పొగ ఎవరిది?

హ్యూస్టన్‌కు నైరుతి దిక్కున మేముండే ఊరి పేరు షుగర్‌ల్యాండ్. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడంతా చెరకు తోటలే. ఇంపీరియల్ షుగర్ వాళ్ళ రిఫైనరీ 2003లో మూతపడింది. పాత ఇటుక భవనం ఇంకా నిలబడే ఉంది గానీ, చెరకు గడ మాత్రం మచ్చుకైనా కనిపించదు. నేను పుట్టి పెరిగిన ఉయ్యూరుకూ చక్కెరే గుర్తు. వెలగపూడి రామకృష్ణ గారు 1941లో స్థాపించిన కేసీపీ సంస్థ ఫ్యాక్టరీ పొగగొట్టం బందరు రోడ్డు మీద బస్సులో వస్తుంటేనే కనబడేది. గానుగ సీజన్లో చెరకు బళ్ళు బారులు తీరేవి. ఊరంతా మడ్డి వాసన. చిన్నప్పుడు ఆ పొగను చూసి గాలి ఎటు వీస్తుందో చెప్పుకునేవాళ్ళం.

ఆ పొగగొట్టం ఈమధ్య తరచూ గుర్తొస్తోంది. అందుకు కారణం ఇక్కడి మన వాళ్ళ మధ్య ఎడతెగని ఒక వాదన. హ్యూస్టన్ తెలుగువాళ్ళలో చమురు, గ్యాసు కంపెనీల్లో పనిచేసేవాళ్ళు చాలామంది. శనివారం నలుగురూ భోజనాలకు కూడినప్పుడు ఎండల మాట వస్తే చాలు, ఎవరో ఒకరు అంటారు: "వాతావరణం ఎప్పుడు మారలేదండీ? మంచు యుగాలు వచ్చాయి, పోయాయి. అప్పుడు కార్లున్నాయా, కరెంటుందా?" ఈ మాట అనేది చదువుకోనివాళ్ళు కాదు. రాతి పొరలను చూసి కోట్ల ఏళ్ళ చరిత్ర చెప్పగలిగినవాళ్ళు. కాబట్టి వాళ్ళ ప్రశ్నకు సరైన జవాబే ఇవ్వాలి, కోప్పడితే లాభం లేదు.

జవాబు పొగలోనే ఉంది. మా ఊరి ఫ్యాక్టరీ బాయిలర్లలో కాలేది చెరకు పిప్పి. అందులోని కార్బన్ ఏడాది క్రితం గాలిలో ఉన్నదే. చెరకు పీల్చుకుంది, పొయ్యి తిరిగి ఇచ్చేసింది. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం సంగతి వేరు. 1979 నుంచి అక్కడ కాలుతున్న సింగరేణి బొగ్గులోని కార్బన్ పాతిక కోట్ల ఏళ్ళకు పైగా నేల కింద నిద్రపోయింది. రెండు పొగలూ కంటికి ఒకేలా ఉండవచ్చు. కార్బన్-14 అనే రేడియోధార్మిక రూపం మాత్రం వాటిని విడదీసి చూపిస్తుంది. ఇది గాలి పైపొరల్లో పుడుతూ, 5,730 ఏళ్ళకోసారి సగానికి తగ్గిపోతుంది. పిప్పిలో ఉంటుంది, బొగ్గులో ఉండదు, చమురులోనూ ఉండదు. 1955లోనే హాన్స్ స్యూస్ అనే శాస్త్రవేత్త చెట్ల కలపను పరీక్షించి, పాత కార్బన్ వచ్చి కలుస్తున్నందువల్ల గాలిలో దీని వాటా పలచబడుతోందని చూపించాడు. మూడేళ్ళ తర్వాత హవాయిలోని మౌనాలోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ కొలతలు మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల పాళ్ళకు 315 పాళ్ళ కార్బన్ డయాక్సైడ్ ఉండేది. ఇప్పుడది 420 దాటింది. అగ్నిపర్వతాలు ఏటా వదిలేది మనం వదిలేదానిలో నూటికి ఒక వంతు కూడా ఉండదు. దొంగ ఎవరో తెలియని కేసు కాదిది, వేలిముద్రలు దొరికిన కేసు.

"మరి సూర్యుడో?" అంటారు వెంటనే. 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యుడి వేడిని నేరుగా కొలుస్తున్నాయి. అది పదకొండేళ్ళ చక్రంలో పెరుగుతూ తగ్గుతూ ఉందే తప్ప, భూమితో పాటు పైకి ఎగబాకలేదు. సూర్యుడే కారణమైతే వాతావరణం పైపొర కూడా వేడెక్కాలి. అది చల్లబడుతోంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే అలాగే జరుగుతుందని స్యుకురో మనాబె 1967లోనే లెక్కగట్టాడు. ఆయనకు 2021లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మంచు యుగాలు మనిషి ప్రమేయం లేకుండానే వచ్చాయన్నది నిజమే. చెట్లు పిడుగుపడి తగలబడేవి కదా అని, అగ్గిపుల్ల గీసినవాణ్ణి వదిలేస్తామా?

మా మిత్రులకు ఇంకో సంగతి కూడా చెబుతుంటాను, ఇది వాళ్ళ వృత్తికి దగ్గరిది కాబట్టి. ఎక్సాన్ కంపెనీ సొంత శాస్త్రవేత్తలు 1977 నుంచి 2003 వరకు భూమి ఎంత వేడెక్కుతుందో అంచనాలు వేశారు. 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన వాటిని జరిగినదానితో పోల్చి, చాలావరకు నిజమయ్యాయని తేల్చింది. లోపల లెక్కలు సరిగ్గా వేస్తూనే బయట ఏళ్ళ తరబడి అనుమానాలు రేపారు. నాకు బాధ కలిగించేది ఇదే. మన భోజనాల బల్ల దగ్గర వినబడే సందేహాల్లో చాలావాటికి ఇలాంటి పుట్టుక ఉంది.

ఉయ్యూరులో బాబాయి వాదన మరో రకం. "కలికాలంరా అబ్బాయ్. మన చేతుల్లో ఏముంది?" అంటాడు ఫోనులో. ఆ మాట వెంటే, "మునుపు మే నెల్లో అర్ధరాత్రి దాటాకైనా డాబా చల్లబడేది. ఇప్పుడు తెల్లారుజామున కూడా గోడ మీద చెయ్యి పెట్టలేకపోతున్నాం" అంటాడు. ఊళ్ళో సిమెంటు కట్టడాలు పెరగడం కూడా దానికి కారణం కావచ్చు. ఒక్క డాబాతో ప్రపంచం సంగతి తేలదు. కానీ ప్రపంచమంతటి కొలతలు తీసినా పగళ్ళకంటే రాత్రుళ్ళే ఎక్కువ వేడెక్కాయి. సూర్యుడి వల్లే అయితే పగళ్ళు ముందు వేడెక్కాలి కదా. దేవుడి లీల అంటూనే బాబాయి చెప్పింది మనిషి చేతికి సాక్ష్యం.

కృష్ణా డెల్టాలో జరిగిన ప్రతి నష్టాన్నీ భూమి వేడెక్కడం ఖాతాలో రాయడానికి నేను ఒప్పుకోను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకుంది. బంగాళాఖాతానికి తుఫానులు కొత్త కాదు. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్ మునిగింది బుడమేరు గట్లు తెగి. వాగు దారిలో ఇళ్ళు, ప్లాట్లు వెలిసినప్పుడే ఆ వరదకు దారి పడింది. అదే వారంలో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. ఉయ్యూరుకు దగ్గరలోని తోట్లవల్లూరు లంకల్లో అరటి, కంద, పసుపు నీట మునిగాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచగలదు. పాత వానకు ఈ అదనం తోడవుతుంది. 2017 ఆగస్టులో హార్వే తుఫాను ఇక్కడ కురిసిన తీరు చూశాం. టెక్సాస్‌లో ఒకచోట 60 అంగుళాలు దాటింది. భూమి వేడెక్కడం వల్ల ఆ వాన సుమారు 15 శాతం పెరిగిందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మిగతాదంతా మామూలు తుఫానే. కానీ గడప దాటి ఇంట్లోకి వచ్చేది ఆ పైనున్న 15 శాతమే.

హంసలదీవి వైపు వెళ్తే మనిషి చెయ్యి రెండు దిక్కుల నుంచీ కనబడుతుంది. కృష్ణ మోసుకొచ్చే ఒండ్రుతోనే మన డెల్టా తయారైంది. 1960ల చివర్లో ఏటా 90 లక్షల టన్నుల ఒండ్రు దిగేదట. 2000 తర్వాత అది 4 లక్షల టన్నులకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చారు. మిగతాదంతా నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి జలాశయాల అడుగున చేరుతోంది. ఆ ఆనకట్టలే మనకు అన్నం పెట్టాయి, వాటిని తిట్టే నోరు నాకు లేదు. అయితే ఒండ్రు రాక నేల పెరగడం ఆగిపోయిన చోటే, వేడెక్కిన సముద్రం పైకి లేస్తోంది. తీరంలో ఇసుక కోసుకుపోతోంది. ఉప్పు నీరు లోపలికి వస్తోంది.

మనుషులే కారణమన్నప్పుడు అందరూ సమానంగా కారకులని అర్థం కాదు. ఏడాదికి సగటు భారతీయుడి వాటా రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఇక్కడ నా వాటా అమెరికా సగటున పద్నాలుగు టన్నులు. ఇప్పటిదాకా ప్రపంచం వదిలినదానిలో పావు వంతు ఈ దేశానిదే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకు కోసిన వరి పనలు చేలోనే నాని మొలకెత్తితే, అప్పు తెచ్చి సాగు చేసిన కౌలురైతు ఈ పద్దులో ఎక్కడా లేడు. నష్టపోయిన దేశాలకు సాయం చేసే నిధికి అంతకు కొద్దిరోజుల ముందే దుబాయిలో అమెరికా ప్రకటించింది కోటీ డెబ్బై ఐదు లక్షల డాలర్లు. 2025 మార్చిలో ఆ నిధి బోర్డు నుంచి కూడా తప్పుకుంది. ఇదే దేశంలో, ఇదే చమురు టెక్సాస్, గాలిమరల కరెంటులో మిగతా రాష్ట్రాలన్నిటికంటే ముందుంది. చేతకాక చేయడం లేదని ఎవరూ అనలేరు.

బెజవాడ వరదలప్పుడు ఇక్కడి తెలుగువాళ్ళు చేతనైనంత పోగు చేసి పంపారు, ఎవరూ వెనకాడలేదు. వచ్చే సంక్రాంతి సభలో ఆ విరాళాల పద్దు చదివిన తర్వాత ఈ రెండో పద్దు కూడా చదవనివ్వమని అడిగాను. పావుగంట ఇస్తామన్నారు. సింగరేణి బొగ్గుతో మొదలుపెట్టి, ఎక్సాన్ అంచనాల మీదుగా హంసలదీవి దాకా చెప్పాలని ఉంది. చమురు కంపెనీల ఇంజనీర్లు ముందు వరుసలో కూర్చుంటే నాకు మరీ సంతోషం. లెక్కలో తప్పుంటే అక్కడికక్కడే దిద్దగలిగేది వాళ్ళే.