మర్నాటి స్నేహం

ఆగస్టు మాసపు తొలి ఆదివారం సూరత్ నగరంలో యువతరానికి దారాల పండుగ. ఫ్యాన్సీ దుకాణాల ముంగిట రంగురంగుల స్నేహపట్టీలు వేలాడుతుంటాయి. విద్యార్థులు ఒకరి ముంజేతికి మరొకరు వాటిని కట్టుకుంటారు. సాయంత్రానికి డుమస్ సముద్రతీరం జనంతో నిండుతుంది. టమాటా భజియాల బండ్ల చుట్టూ నిలబడేందుకు చోటుండదు. ఎవరి చేతికి ఎన్ని పట్టీలుంటే వారికి అంతమంది మిత్రులని లెక్క.

ఈ పండుగ మూలాలు వ్యాపారంలో ఉన్నాయి. శుభాకాంక్షల కార్డులు అమ్మే హాల్‌మార్క్ సంస్థ స్థాపకుడు జాయిస్ హాల్ గత శతాబ్ది పూర్వార్ధంలో అమెరికాలో దీనిని ప్రచారం చేశాడని ప్రతీతి. ఐక్యరాజ్యసమితి 2011లో జులై 30ని అంతర్జాతీయ స్నేహ దినంగా ప్రకటించినా, భారతీయులు ఆగస్టు ఆదివారాన్ని వదులుకోలేదు. కార్డుల కాలం గతించింది, దారం మిగిలింది.

దారమంటే సూరత్‌కు బతుకు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరలివెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ పరిసరాల్లో తరాలుగా స్థిరపడ్డాయి. సొంత ఊళ్లో చేతిమగ్గం కూడు పెట్టనప్పుడు, అక్కడి మరమగ్గం పెట్టింది. నగరపాలక సంస్థ విద్యాసమితి నడిపే బడుల్లో తెలుగు మాధ్యమానికీ చోటు దక్కింది. ఈ ఇళ్లలో పిల్లలు ఆదివారం స్నేహపట్టీ కట్టుకుంటారు. పెద్దలు శ్రావణ పౌర్ణమికి నూలి పున్నమి జరుపుకొని కొత్త జంధ్యం వేసుకుంటారు. రెండూ పోగులే. మొదటిది దుకాణంలో దొరుకుతుంది, రెండవది వంశంలో వస్తుంది. అయితే పరాయి ఊళ్లో అద్దెగది చూపించినవాడు, కార్ఖానాలో పని ఇప్పించినవాడు, జీతం అందని నెలలో చేబదులిచ్చినవాడు ఈ రెండింటిలో దేనికీ కట్టుబడినవాడు కాకపోవచ్చు. వలసజీవికి స్నేహం వేడుక కాదు, ఆసరా.

ఆ ఆసరా విలువ పండుగ నాడు తేలదు, మర్నాడు తేలుతుంది. సూరత్ చరిత్రలో ఆ మాట అక్షరాలా నిజమైన సంవత్సరమొకటి ఉంది. 2006లో తొలి ఆదివారం ఆగస్టు 6న వచ్చింది. మర్నాటి నుంచి తాపీ నది నగరం మీదికి వచ్చింది. ఎగువన ఉకాయ్ జలాశయం నుంచి ఒక దశలో దాదాపు 9 లక్షల క్యూసెక్కుల నీటిని వదిలారు. నగరంలో అత్యధిక భాగం జలమయమైంది. రోజుల తరబడి కరెంటు లేదు, తాగునీరు లేదు. హెలికాప్టర్లు ఆహారపు పొట్లాలు జారవిడిచాయి. అటువంటి వేళ కింది ఇంటివాడిని పైకి పిలిచి, ఉన్న రొట్టెను పంచుకున్న పొరుగువాడే మిత్రుడు. అతడి చేతికి పట్టీ ఉందా అని ఎవరూ చూడరు.

రాజకీయాల్లోనూ సూరత్ ఇదే పరీక్ష పెట్టింది. 1907 డిసెంబరులో రాస్‌బిహారీ ఘోష్ అధ్యక్షతన ఇక్కడే జరిగిన కాంగ్రెస్ మహాసభ చెప్పులు, కుర్చీల రణరంగమై ముగిసింది. పార్టీ మితవాదులుగా, అతివాదులుగా చీలింది. అటు గోఖలే, ఇటు తిలక్. ఇద్దరూ ఒకప్పుడు పుణేలో దక్కన్ విద్యాసంఘంలో కలిసి పనిచేసినవారే. వారి వైరం చివరిదాకా సమసిపోలేదు. అయినా 1915లో గోఖలే మరణించినప్పుడు తిలక్ శ్మశానానికి వచ్చి, ఆయన సేవను కొనియాడి, ఆ బాటలో నడవమని జనానికి చెప్పాడు. మరుసటి ఏడాది లక్నోలో రెండు వర్గాలూ మళ్లీ ఒక్కటయ్యాయి. అభిప్రాయం తెగినా గౌరవం తెగలేదు గనుకనే ముడి వేయడానికి పోగు మిగిలింది.

2024 ఏప్రిల్‌లో ఇదే నగరం మరో దృశ్యం చూసింది. కాంగ్రెస్ లోక్‌సభ అభ్యర్థిని ప్రతిపాదించినవారు ఆ సంతకాలు తమవి కావన్నారు. వారిలో అభ్యర్థి బంధువులు, వ్యాపార భాగస్వామి ఉన్నారు. నామినేషన్ తిరస్కరణకు గురైంది. మిగిలినవారు వైదొలగగా ఏప్రిల్ 22న భాజపా అభ్యర్థి ముకేశ్ దలాల్ పోటీ లేకుండా ఎన్నికయ్యారు. తెరవెనుక ఏం జరిగిందన్నది పార్టీల వివాదం. కానీ ఓటు వేయాలనుకున్న సూరత్ పౌరుడు ఆ ఎన్నికలో వేలిపై సిరాచుక్క లేకుండా మిగిలాడు. నాయకుల మధ్య నమ్మకం చెడితే నష్టం వారితో ఆగదు.

మరి ఈ పండుగ వృథాయేనా? కాదు. మార్కెట్ సరుకైనా, తన కులానికి, భాషకు, మతానికి చెందని తోటివాడి చేయి పట్టుకుని దారం కట్టడానికి బడిపిల్లవాడికి అదొక సాకు. వాడలు భాషల వారీగా, మతాల వారీగా విడిపోతున్న నగరాల్లో అటువంటి సాకులు అరుదవుతున్నాయి. వాటిని పరదేశీ సంస్కృతి పేరిట వెక్కిరించే పెద్దలు బదులుగా ఏమిస్తున్నారో చెప్పాలి.

సోమవారం వస్తుంది. లింబాయత్‌లో మగ్గాల మోత మళ్లీ మొదలవుతుంది. పోగు తెగితే మగ్గం ఆపి, తెగిన కొసలు వెతికి, ముడివేసి మళ్లీ నడిపించడం కార్మికుడికి పూటకు ఎన్నోసార్లు చేసే పని. ఆ పని చేసే చేతికి, నిన్న కూతురి స్నేహితురాలు ముచ్చటపడి కట్టిన పట్టీ ఇంకా ఉంటుంది. అప్పటికే దాని రంగు కాస్త వెలిసి ఉంటుంది.