దీవులకు జంటగా వెళ్తున్నారా? మోకాళ్ళ సంగతి, మాత్రల సంగతి చూసుకోండి

“డాక్టరుగారూ, అండమాన్ వెళ్దామనుకుంటున్నాం. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, నాకు షుగరు. వెళ్ళొచ్చంటారా?”

నర్సీపట్నంలో నన్ను ఈ ప్రశ్న అడిగేవారు ఏటేటా పెరుగుతున్నారు. పిల్లల పెళ్ళిళ్ళు అయిపోతాయి. ఉద్యోగ విరమణ డబ్బు చేతికొస్తుంది. అన్నవరం, తిరుపతి, లంబసింగి తప్ప మరో చోటు చూడని దంపతులకు ఒక్కసారి సముద్రం దాటి రావాలనిపిస్తుంది. మంచి కోరికే. వెళ్ళవద్దని నేను చెప్పను. కానీ ఎక్కడ బస చేయాలి, ఏమేం చూడాలి అని పది మందిని అడిగి తెలుసుకునేవారు, అక్కడ ఒక చోటి నుంచి మరో చోటికి ఎలా కదలాలో మాత్రం ఎవరినీ అడగరు. దీవి అంటేనే ఎక్కడం, దిగడం. ఆటో దిగి పడవ ఎక్కాలి, పడవ దిగి మెట్లెక్కాలి, మెట్లు దిగి ఇసుకలో నడవాలి. ఇరవై ఏళ్ళవాడికి అది సరదా. అరవై ఏళ్ళవాడికి అది పరీక్ష.

మొన్న జనవరిలో నేను, మా ఆవిడ పది రోజులు అక్కడ తిరిగి వచ్చాం. ఆమెకు నాలుగేళ్ళుగా కుడి మోకాలు అరిగింది. అందుచేత ఈ వారం మీకు చెప్పబోయేది పుస్తకంలో చదివింది మాత్రమే కాదు.

పరాయి చోటు కాదు

ముందు పేర్లు తెలుసుకోండి, లేకపోతే టిక్కెట్ల దగ్గర తికమకపడతారు. పోర్ట్‌బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. హేవ్‌లాక్ దీవి 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ దీవి షహీద్ ద్వీప్. జనం నోట పాత పేర్లు ఇంకా ఉన్నాయి.

విశాఖపట్నం రేవు నుంచి అక్కడికి సముద్రం మీద సుమారు 1200 కిలోమీటర్లు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు. అబర్దీన్ బజారులో కూరగాయల బేరం మన యాసలోనే వినిపిస్తే మా ఆవిడ మొహం విప్పారింది. “ఎక్కడినుంచి వచ్చారమ్మా?” అని అడిగి, రెండు నిమ్మకాయలు ఊరికే చేతిలో పెట్టింది దుకాణం ఆవిడ. ఆ నిమ్మకాయలు తర్వాత పడవలో పనికొచ్చాయి.

సముద్రం ఎందుకు తిప్పుతుంది?

ఓడలో వెళితే రెండున్నర రోజుల దాకా పడుతుంది. ఓడ రోజూ ఉండదు కాబట్టి తేదీలు ముందుగా కనుక్కోవాలి. వీలుకాకపోతే చెన్నై మీదుగా విమానం ఉంది. మేము వెళ్ళేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం ఎంచుకున్నాం.

ఓడలో మొదటి రాత్రి సగం మంది పడకలు వదల్లేదు. తల తిరగడం, నోట్లో నీళ్ళూరడం, వాంతులు. ఇది కడుపు జబ్బని చాలామంది అనుకుంటారు. కాదు. లోపలి చెవిలో మన శరీరం నిలకడను కనిపెట్టే భాగం ఒకటుంది. ఓడ ఊగుతుంటే “మనం కదులుతున్నాం” అని అది మెదడుకు చెబుతుంది. గదిలో కూర్చున్న కళ్ళేమో “గోడ కదలడం లేదే” అంటాయి. ఈ రెండు సాక్ష్యాలూ పొసగక మెదడు తికమకపడటమే ఈ బాధకు మూలం.

కారణం తెలిస్తే ఉపాయం కూడా తెలుస్తుంది. ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తులో ఊగు తక్కువ. పడక అక్కడ తీసుకోండి. పగలు పైకి వచ్చి దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ కూర్చోండి. పుస్తకం, సెల్‌ఫోను చూడకండి. ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు. ఇడ్లీ, మరమరాలు, బిస్కెట్లు కొద్దికొద్దిగా తినండి. అల్లం ముక్క, నిమ్మకాయ కొందరికి బాగా పనిచేస్తాయి. మాత్ర వేసుకునేవారు ఓడ కదలడానికి కనీసం అరగంట, గంట ముందే వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక మింగితే అది కడుపులో నిలవదు.

ఒక హెచ్చరిక. ఈ మాత్రలు మత్తు కలిగిస్తాయి. ప్రోస్టేటు వాచి మూత్రం సరిగ్గా రాని మగవారు, కంట్లో నీటికాసులున్నవారు డాక్టరును అడక్కుండా వీటిని వాడకూడదు. మత్తులో ఓడ మెట్లు దిగి, పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే విహారం అక్కడితో సరి.

పడవ, రేవు, మోకాలు

పెద్ద దీవి నుంచి స్వరాజ్ ద్వీప్‌కు ప్రైవేటు పడవలో గంటన్నర, ప్రభుత్వ పడవలో అంతకన్నా ఎక్కువ పడుతుంది. కూర్చుని చేసే ఆ ప్రయాణం కష్టం కాదు. కష్టమంతా ఎక్కే నిమిషంలోనూ దిగే నిమిషంలోనూ ఉంది. సముద్రానికి రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. పోటు మీద పడవ అంచు రేవుతో సమానంగా ఉంటుంది. పాటు మీద అదే పడవ కిందికి దిగిపోతుంది. పొద్దున ఒక్క అడుగులో ఎక్కిన చోట సాయంత్రం మూడు మెట్లు దిగాలి. ఆ మెట్ల మీద నాచు కూడా ఉంటుంది.

మా ఆవిడ మొదటి రోజు ఆ మెట్ల దగ్గర నిలబడిపోయింది. వెనక జనం తోస్తున్నారు. “ఏమండీ, నేను ఇక్కడే ఉంటాను, మీరు చూసిరండి” అంది. ఆ మాట నన్ను బాధపెట్టింది. మోకాళ్ళ నొప్పులున్న ఎందరో ఇల్లాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోయి జీవితమంతా చెప్పే మాట అది. జనాన్ని ముందుకు పోనిచ్చి, మా ఆస్పత్రిలో రోగులకు రోజూ చెప్పే సూత్రమే ఆమెకూ చెప్పాను. మీరూ గుర్తుంచుకోండి: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. చేతికర్ర నొప్పి కాలికి రెండోవైపు చేతిలో ఉండాలి. పడవ అంచు పైకి లేచిన క్షణంలో అడుగు వేయాలి, పడిపోతున్న క్షణంలో వేయకూడదు. పడవవాళ్ళు చేయి అందిస్తారు. అప్పుడు మీరు వాళ్ళ వేళ్ళు పట్టుకోకుండా మణికట్టు పట్టుకోండి, పట్టు జారదు. మూడో రోజుకు మా ఆవిడే మరొక పెద్దావిడకు ఇదంతా నేర్పుతోంది.

ప్రయాణానికి రెండు నెలల ముందునుంచి రోజూ కుర్చీలో కూర్చుని కాలు చాపి, పది లెక్కపెట్టి దించే వ్యాయామం చేయండి. తొడ కండరం బలపడితే మోకాలిపై భారం తగ్గుతుంది. రోజూ నొప్పి మాత్ర మింగి తిరుగుతామంటే మాత్రం కుదరదు. అవి కడుపులో పుండు చేస్తాయి, రక్తపోటు పెంచుతాయి, నీళ్ళు తక్కువ తాగే ప్రయాణంలో మూత్రపిండాలకూ చెరుపు చేస్తాయి.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఆడవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను. దారిలో మరుగు దొరకదని పొద్దుటి నుంచి నీళ్ళు మానేస్తారు. ఆ ఎండకు, ఆ చెమటకు సాయంత్రానికి తలనొప్పి, మర్నాటికి మూత్రంలో మంట వస్తాయి. రేవుల దగ్గర మరుగుదొడ్లుంటాయి. ఎక్కే ముందు వెళ్ళిరండి, నీళ్ళు మాత్రం తాగండి.

ఆగకూడని దారి

బారాటాంగ్‌లో సున్నపురాతి గుహలున్నాయి. అక్కడికి వెళ్ళే రోడ్డు జరావాలనే ఆదివాసుల అడవి గుండా పోతుంది. జిర్కాటాంగ్ దగ్గర వాహనాలను వరుస కట్టించి, నిర్ణీత వేళల్లో మాత్రమే వదులుతారు. ఆ వరుసలో చేరడానికి ఊళ్ళోంచి తెల్లవారుజామున 4 గంటలకే బయల్దేరాలి. అడవిలో ఎక్కడా ఆపకూడదు, ఫోటోలు తీయకూడదు, వాళ్ళకు తినేవి ఇవ్వకూడదు. 1956 నుంచీ ఆ ఆదివాసులకు చట్టం రక్షణ ఉంది. ఇందులో వైద్యపరమైన కారణం కూడా ఉంది. మనకు మామూలైన జబ్బులను తట్టుకునే శక్తి వాళ్ళకు లేదు. 1999లో జరావాలలో తట్టు వ్యాపించింది. జలుబు, దగ్గు ఉంటే ఆ రోజు ప్రయాణం మానుకోండి.

మా వ్యానులో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రిటైరైన మాస్టారు, ఆయన భార్య ఉన్నారు. మాస్టారు చీకటినే లేచి షుగరు మాత్ర వేసుకున్నారు. పంచదార లేని టీ మాత్రం తాగారు. టిఫిను బారాటాంగ్‌లో తిందామనుకున్నారు. అడవిలో అరగంట గడిచేసరికి ఆయనకు చొక్కా తడిసేటంత చెమట పట్టింది. చేతులు వణుకుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. “డాక్టరుబాబూ, గుండెపోటేమో!” అని ఆవిడ ఏడుపు అందుకుంది. బండి ఆపడానికి లేదు. ముందూ వెనకా అడవే.

నాడి చూశాను, గుండెలో నొప్పి లేదన్నారు. వేసుకున్న మాత్ర పేరు విన్నాక సంగతి తెలిసిపోయింది. రక్తంలో చక్కెర పడిపోయింది. మా ఆవిడ సంచిలో గ్లూకోజు పొడి ఉంది. నాలుగు చెంచాలు నీళ్ళలో కలిపి తాగించాను. పావుగంటకు మళ్ళీ కొంత. తర్వాత బిస్కెట్లు తినిపించాం. బల్లకట్టు దగ్గరికి చేరేసరికి మాస్టారు మామూలు మనిషయ్యారు. గ్లూకోజు లేకపోతే పంచదార పనిచేస్తుంది. కానీ ఒకటి గుర్తుంచుకోండి: స్పృహ తప్పినవారి నోట్లో ఏదీ పోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇందులో పాఠం ఏమిటి? ఆ దీవులు మనకు బాగా తూర్పున ఉన్నాయి గాని, గడియారం మనదే. అందుచేత అక్కడ తెల్లవారడమూ తొందరే, సాయంత్రం అయిదున్నరకే పొద్దుపోవడమూ తొందరే. తిరుగుడంతా తెల్లవారకముందే మొదలవుతుంది. మన మాత్రల వేళలు, భోజనం వేళలు తలకిందులవుతాయి. షుగరు మాత్ర గడియారాన్ని బట్టి వేసుకోకూడదు, పళ్ళెంలో తిండి చూసి వేసుకోవాలి. తిండి ఎప్పుడో తెలియని రోజున ఏం చేయాలో బయల్దేరేముందే మీ డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్ మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

గాలి మళ్ళితే పడవ లేదు

నీల్ దీవిలో పాటు సమయంలో బయటపడే రాతి వంతెన దాకా నడిచి వెళ్ళాం. దారంతా పదునైన రాళ్ళు, నీటి గుంటలు. చెప్పులు చాలవు, పట్టున్న బూట్లు కావాలి. పగడపు రాయి గీరుకుంటే చిన్న గాయమే అనుకోకండి. మంచినీళ్ళతో, సబ్బుతో బాగా కడగాలి. షుగరున్నవారు రోజూ పడుకునే ముందు పాదాలు చూసుకోవాలి.

మర్నాడు గాలి పెరిగి పడవలు ఆపేశారు. సముద్రంతో వాదన లేదు, బస చేసిన చోటే కూర్చున్నాం. పక్క గదిలో ఒకాయన రక్తపోటు మాత్రలు సరిగ్గా రోజుల లెక్కకే తెచ్చుకున్నాడు. ఆ రోజుకి ఒక్కటి కూడా లేదు. గుండె వేగం తగ్గించే రకం మాత్రలవి. వాటిని హఠాత్తుగా మానితే రక్తపోటు ఎగదన్నడం, గుండెనొప్పి రావడం ఉంటుంది. ఆ చిన్న దీవిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండబట్టి ఆయనకు మాత్ర దొరికింది. అన్ని దీవుల్లో అన్ని మందులూ దొరుకుతాయనుకోకండి. పెద్ద ఆస్పత్రి శ్రీ విజయపురంలో ఉంది. మధ్యలో సముద్రం ఉంది.

చివరి రెండు రోజులు పెద్ద దీవిలోనే ఉండేలా ముందే ఏర్పాటు చేసుకున్నాం కాబట్టి మా విమానం తప్పలేదు. సెల్యులర్ జైలు అప్పుడే చూశాం. 1906లో పూర్తయిన ఈ జైలుకు 7 బారులు, 693 గదులు ఉండేవి. ఇప్పుడు 3 బారులే మిగిలాయి. మా ఆవిడ మేడ మెట్లు ఎక్కలేదు. ఎక్కాలని నేనూ అనలేదు. కింది అంతస్తులో ఒక గదిలోకి వెళ్ళి చాలాసేపు నిలబడింది. నాలుగున్నర మీటర్ల పొడవు, మూడు మీటర్లు కూడా లేని వెడల్పు. అల్లూరి నడిచిన మన మన్యంలో, 1922-24 పోరాటంలో పట్టుబడ్డవారిలో కొందరికి ద్వీపాంతరవాస శిక్ష పడిందని ఆమెకు తెలుసు. “వాళ్ళు ఈ సముద్రం దాటినప్పుడు మళ్ళీ ఇల్లు చూస్తామని అనుకుని ఉండరు కదండీ” అంది. అన్నీ ఎక్కి చూడనక్కరలేదు. ఓపిక ఉన్నంత చూసినా చూసినట్టే.

వెళ్ళేవారికి నా మాటలు

డిసెంబరు నుంచి ఏప్రిల్ లోపు వెళ్ళండి. వానల్లో సముద్రం పోటెత్తి ఉంటుంది.

మందులు రెట్టింపు తీసుకెళ్ళండి. భార్య సంచిలో సగం, భర్త సంచిలో సగం ఉంచండి. సామాను ఓడ అడుగుకో, విమానం పొట్టలోకో పోతుంది. మందులు, ఇన్సులిన్ మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. మందుచీటీ నకలు ఇద్దరి దగ్గరా ఉండాలి.

రోజుకు ఒక్క చోటే పెట్టుకోండి. రెండు పడవల మధ్య ఒక పూట విశ్రాంతి ఉండాలి. తిరుగు ప్రయాణానికి ముందు కనీసం ఒక రోజు ఖాళీగా వదలండి.

సముద్రంలో మునిగి పగడాలు చూసే సరదా ఉంటే గుండెజబ్బు, ఉబ్బసం, చెవిపోటు ఉన్నవారు డాక్టరు అనుమతి తీసుకోవాలి. గాలి సిలిండరుతో లోతుకు దిగినవారు 24 గంటలు గడవకుండా విమానం ఎక్కకూడదు.

సంధ్యవేళ ఇసుకలో ఉండే చిన్న ఈగలు కుడితే వారం రోజులు దురద పెడతాయి. కాళ్ళు కప్పుకోండి, గోకకండి.

గత మూడు నెలల్లో గుండెపోటు వచ్చినవారు, నాలుగడుగులకే ఆయాసపడేవారు ఈ ఏడు ఆగండి. మిగిలినవారు మోకాళ్ళ నొప్పులకో, షుగరుకో భయపడి ఆగనక్కరలేదు. బయల్దేరే రెండు నెలల ముందు ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి రండి. “వెళ్ళొచ్చా?” అని అడిగే బదులు “ఎలా వెళ్ళాలి?” అని అడగండి. దానికైతే మా దగ్గర జవాబు ఉంటుంది.